గబ్బిలాల వాలంటీరుగా చేరాలనుంది, చేరమంటారా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో ఉంటాం. మా ఆయనా నేనూ ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. తొమ్మిదేళ్ల పాప, ఒక పిల్లి. రెండు వారాల క్రితం రాత్రి మా పిల్లి ఒక చిన్న గబ్బిలాన్ని నోట కరుచుకొచ్చి కార్పెట్ మీద పడేసింది. భయపడుతూనే చెప్పుల పెట్టెలోకి తీసి, మూతలో కాసిని పాలు పెట్టాను. మర్నాడు హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే దగ్గర్లోని వాలంటీరు నంబరిచ్చారు, ఆవిడకి అప్పజెప్పాను. బతికే ఉందట, కోలుకుంటోందట. అప్పటి నుంచి నాకూ ఆ పని చేయాలని ఒకటే ఆలోచన. మా ఆయనేమో రేబిస్ అంటున్నారు. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ, ఇంట్లోకి గబ్బిలం రావడమే అరిష్టం, పైగా తెచ్చి పెంచుతావా అంటోంది. ఉద్యోగం చేసుకుంటూ కుదిరే పనేనా ఇది? లైసెన్సు కావాలా? ఖర్చవుతుందా?

జవాబు: చేరండి. కాకపోతే ముందు డ్రైవరుగా చేరండి, అంటే దెబ్బ తగిలిన గబ్బిలాన్ని, ఇంట్లో పెట్టుకుని బాగుచేసే కేరర్ దగ్గరికి కార్లో చేర్చే మనిషిగా. ఎందుకో కాస్త పొడుగ్గానే చెప్తాను, ఎందుకంటే ఎనిమిదేళ్ల క్రితం నేనూ మీలాగే ఒకే ఒక్క గబ్బిలాన్ని చూసి మనసు పారేసుకుని, ఏమీ తెలియకుండా ఇందులో దిగి, చేయగలిగిన తప్పులన్నీ చేశాను.

మొదట ఆ రాత్రి సంగతి. పెట్టెలో పెట్టడం మంచి పని, ఫోన్ చేయడం ఇంకా మంచి పని. ఈసారి మాత్రం తెల్లారేదాకా ఆగకండి, రాత్రిపూట తెరిచి ఉండే వెట్‌కైనా, అంటే జంతువుల డాక్టరుకైనా, ఫోన్ చేసి అడగండి. పిల్లి నోట పడ్డదానికి గంటలే లెక్క. పైకి దెబ్బ కనిపించదు, పంటి గాటు సూదిమొనంతే ఉంటుంది, కానీ పిల్లి లాలాజలంలోని బాక్టీరియా ఆ చిన్న ఒంట్లోకి వెళ్తే చాలు, ప్రాణం తీస్తుంది. అందుకే పిల్లి పట్టిన గబ్బిలం ఎంత చలాకీగా కనిపించినా సరే, బాగానే ఉందిలే అని కిటికీలోంచి వదిలేయకుండా వెట్‌కి చూపించి యాంటీబయాటిక్ వేయిస్తాం.

ఇక పాలు. మన చేతికి ఏ ప్రాణి దొరికినా ముందు పాలు పోసేస్తాం, పాము పుట్టలో కూడా పోస్తాం కదా! బ్రిటన్‌లోని గబ్బిలాలన్నీ పురుగులు తిని బతికేవే, ఆవుపాలు వాటికి పడవు, బొచ్చుకి అంటుకుంటే అదో చిక్కు. మామూలు నీళ్లు, అదీ పాల సీసా మూతలో అడుగంటేలా, అంతకంటే లోతుంటే మునిగిపోతుంది. పెట్టెలో ఒక మెత్తటి పాత గుడ్డ నలిపి పెడితే దాని మడతల్లో దూరి దాక్కుంటుంది, వాటికి కావాల్సింది అదే. మూతకి పెన్సిలు మొనతో సన్నటి చిల్లులు పెట్టి, అంచులకి టేపు వేసి, ఎవరూ తిరగని గదిలో ఉంచాలి. పాపకి చూపిస్తానని గంటకోసారి మూత తీయకూడదు. మన ముఖం దానికి ఎలా కనిపిస్తుందో ఒక్కసారి ఊహించుకోండి.

మీకు దొరికింది పిపిస్ట్రెల్ అయి ఉంటుంది, బ్రిటన్‌లో ఉన్న 18 జాతుల్లో ఇళ్ల చుట్టూ ఎక్కువగా తిరిగేవి అవే. బరువు దాదాపు 5 గ్రాములు. ఒక 20 పెన్స్ నాణెం అరచేతిలో పెట్టుకుని చూడండి, సరిగ్గా అంతే. ఆ నాణెమంత ప్రాణి ఒక్క రాత్రిలో 3,000 దాకా చిన్న పురుగుల్ని తినగలదు. ఏడాదికి ఒక్కటే పిల్లని కంటుంది. అంత చిన్న జంతువుకి ఇంత నెమ్మదైన సంతానం ఉండటం విచిత్రమే, ఎలుకతో పోల్చుకుంటే తెలుస్తుంది. ఒక్క తల్లి గబ్బిలం పోయినా ఆ లోటు పూడటానికి ఏళ్లు పడుతుంది కాబట్టే ఒక్కోదాని కోసం ఇంత హడావిడి.

మీ ఆయన రేబిస్ అంటున్నారు కదా, ఆయన మాట కొట్టిపారేయకండి. బ్రిటన్ గబ్బిలాల్లో రేబిస్ కుటుంబానికి చెందిన వైరస్‌లు ఉన్నాయి. ఎక్కువగా డాబెంటన్స్, సెరోటీన్ అనే జాతుల్లో కనిపించాయి, అదీ పరీక్షించిన వాటిలో చాలా కొద్దిగా. కానీ 2002లో స్కాట్లాండ్‌లో గబ్బిలాల సంరక్షణ పని చేసే ఒకాయన దీనితోనే చనిపోయారు, టీకా వేయించుకోలేదు. దాదాపు వందేళ్లలో బ్రిటన్‌లోనే అంటుకుని మనిషి రేబిస్‌తో పోవడం అదే మొదటిసారి. అందుకే మాకు ఒకే నియమం: టీకా వేయించుకోని చెయ్యి గబ్బిలం మీద పడకూడదు, టీకా వేయించుకున్న చేతికైనా గ్లవ్స్ ఉండాలి. గబ్బిలాలతో తరచుగా పనిచేసే వాలంటీర్లకి ఇక్కడ ఈ టీకా ఉచితం, నెల రోజుల్లో మూడు డోసులు, చేతికే వేస్తారు. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు అని మన చిన్నప్పుడు కుక్క కరిచినవాళ్ల గురించి చెప్పుకునేవాళ్లం చూడండి, ఆ రోజులు పోయాయని మీ అమ్మగారికి కూడా చెప్పండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, మీ ఉత్తరంలో లేదు కాబట్టి అడుగుతున్నాను. ఆ రాత్రి దాన్ని వట్టి చేత్తో తీశారా? తీసి ఉంటే, అది కరిచిందని గానీ గీరిందని గానీ కొంచెం అనుమానం ఉన్నా సరే, ఇది చదవడం ఆపి ముందు NHS వాళ్ల ఆరోగ్య సలహా నంబరు 111కి ఫోన్ చేయండి. దాని పళ్లు ఎంత చిన్నవంటే కరిచినా గుర్తు కనిపించకపోవచ్చు. రెండు వారాలైపోయింది కదా అని ఊరుకోవద్దు. కరిచినప్పుడైతే వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద బాగా కడిగి, ఆ తర్వాత ఫోన్. మేం టీకాలు వేయించుకున్నవాళ్లం కూడా కాటు పడితే ఇదే చేస్తాం, మళ్లీ డోసులు వేస్తారు. పిల్లి సంగతి కూడా మీ వెట్‌కి చెప్పి ఉంచండి.

లైసెన్సు సంగతి. 1981 నాటి వైల్డ్‌లైఫ్ అండ్ కంట్రీసైడ్ చట్టం ప్రకారం ఇక్కడ గబ్బిలాన్ని పట్టుకోవడం, గాయపరచడం, అది ఉండే చోటుని పాడుచేయడం నేరం. అయితే దెబ్బ తగిలిన దాన్ని బాగుచేసి తిరిగి వదిలేయడం కోసమే తీసుకుంటే నేరం కాదు, దానికి లైసెన్సు అక్కర్లేదు. తిరిగి వదిలేయడం కోసమే అన్నది మాత్రం మనసులో రాసిపెట్టుకోండి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా జారిపడేది అక్కడే. మీకు నంబరిచ్చిన హెల్ప్‌లైన్ బ్యాట్ కన్జర్వేషన్ ట్రస్ట్‌ది, మీ ఇంటికి దగ్గర్లో ఉన్న ఆవిడ వాళ్ల ఉద్యోగి కాదు, మనలాంటి వాలంటీరే. ఖర్చు చాలావరకు ఆవిడ జేబులోంచే. కొన్ని బ్యాట్ గ్రూపులు, అంటే గబ్బిలాల కోసం పనిచేసే స్థానిక వాలంటీర్ల సంఘాలు, తిండి పురుగుల డబ్బులో పెట్రోలు డబ్బులో ఇస్తాయి, అన్నీ ఇవ్వవు. అడవి జంతువుకి ప్రథమ చికిత్స చేసి డబ్బు తీసుకోని వెట్‌లు చాలామంది ఉన్నారు, కానీ గబ్బిలం అనగానే రిసెప్షన్‌లోనే ముఖం మాడ్చేవాళ్లూ ఉన్నారు. నా మొదటి ఏడాది ఒక చోట పెట్టె కౌంటర్ మీద కూడా పెట్టనివ్వలేదు, వానలో కార్లో కూర్చుని ఇంకో వెట్‌కి ఫోన్లు చేసుకున్నాను. మీ చుట్టుపక్కల గబ్బిలాలు చూసే వెట్ ఎవరో ముందే కనుక్కుని పెట్టుకోవడం అన్నిటికంటే పెద్ద పెట్టుబడి.

ఇప్పుడు డ్రైవరు మాట. జూన్ నుంచి ఆగస్టు దాకా ఫోన్లు ఆగవు, ఉన్న కేరర్లు చాలరు, వాళ్లు ఇంట్లో పది పెట్టెలు పెట్టుకుని గిన్నెలు కడుక్కునే తీరిక కూడా లేకుండా ఉంటారు. సరిగ్గా అప్పుడు పక్క ఊళ్లో ఎవరి గరాజ్‌లోనో ఒకటి పడి ఉందని ఫోన్ వస్తుంది. వెళ్లి పెట్టె తీసుకుని, రేడియో కట్టేసి, నెమ్మదిగా తెచ్చి అప్పజెప్పే మనిషి దొరికితే వాళ్లకి దేవుడు దిగొచ్చినట్టే. ఆఫీసు అయ్యాక చేయగలిగిన పని అది. గబ్బిలాన్ని ముట్టుకోనక్కర్లేదు, ఇంట్లో అమ్మతో గొడవా ఉండదు. ఒక వేసవి అలా తిరిగితే పది రకాల దెబ్బలు చూస్తారు, కేరర్ చేతులు ఎలా కదులుతాయో చూస్తారు. మీ కౌంటీ బ్యాట్ గ్రూపులో చేరితే సాయంత్రాలు డిటెక్టరు పట్టుకుని నడకలకి కూడా తీసుకెళ్తారు. మన చెవికి అందని వాటి అరుపుల్ని ఆ పెట్టె టకటకమని వినిపిస్తుంది, 45 కిలోహెర్ట్జ్ దగ్గర గట్టిగా పలికితే కామన్ పిపిస్ట్రెల్, 55 దగ్గరైతే సొప్రానో పిపిస్ట్రెల్. పాపని తీసుకెళ్లండి, ఇది పాపకి తగిన పని. పెట్టెల పని పాపకి వద్దే వద్దు.

ఆ తర్వాత కూడా కేరర్ అవ్వాలనిపిస్తే అప్పుడు టీకా, ఒక శిక్షణ రోజు, ఒక అనుభవమున్న కేరర్ వెనకాల కొన్ని నెలలు. అది ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు చెప్తాను.

తెచ్చిన గబ్బిలం చల్లగా ఉంటుంది, ముందు మెల్లగా వెచ్చబరచాలి, చల్లటి ఒంట్లోకి తిండి పోతే అరగదు. తర్వాత సన్నటి పెయింట్ బ్రష్ నీళ్లలో ముంచి మూతికి అందిస్తే నాకుతుంది. అప్పుడు రెక్క విప్పి వెలుతురుకి ఎదురుగా చూడాలి. రెక్క పొరలో చిన్న చిల్లులుంటే కంగారు లేదు, వాటంతట అవే పూడతాయి, ఎముక విరిగితేనే కష్టం. ఆ తర్వాత తిండి: మీల్‌వార్మ్స్ అని అమ్ముతారు, పసుపు రంగు పురుగులు. గాల్లో ఎగిరేవాటిని పట్టి తినే ప్రాణికి గిన్నెలో పాకేది తిండని తెలియదు, మొదటి రెండు రోజులు పట్టకారుతో పురుగు తల తీసి లోపలి గుజ్జు దాని మూతి దగ్గర పిండాలి. మొదటిసారి నాకు కడుపులో తిప్పింది, ఇప్పుడు ఒక చేత్తో టీ తాగుతూ చేస్తాను. ఆ పురుగులు చల్లగా ఉంటేనే పెరగకుండా ఆగుతాయి కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. మా ఇంట్లో మాంసం వండం, మా అత్తగారు వచ్చినప్పుడు పెరుగు గిన్నె పక్కన ఆ డబ్బా తెరిచి చూశారు, ఆ రోజు సంగతి నేను రాయను. గరాజ్‌లో పాత చిన్న ఫ్రిజ్ ఒకటి పెట్టుకోండి.

ఇంకోటి, నేను చేసిన పెద్ద తప్పు. నా రెండో గబ్బిలం వచ్చినప్పుడు 4.2 గ్రాములు, ఎండిపోయి ఉంది. తినడం మొదలెట్టాక దాని ఆకలి చూసి నాకు పండగే, ఇంకొకటి, ఇంకొకటి అని మన పిల్లలకి గోరుముద్దలు పెట్టినట్టు పెట్టాను. మూడు వారాలకి 7 దాటింది. రెక్క బాగైంది కానీ లేవలేదు! గది మధ్యలో లడ్డూలా పడి నా వంక చూసింది. మా మెంటర్ నన్ను తిట్టలేదు, నోట్‌బుక్ తెమ్మన్నారు, అందులో రోజూ బరువు రాయనే లేదు. దశాంశం దాకా చూపించే చిన్న త్రాసు, ఒక నోట్‌బుక్: తేదీ, బరువు, ఎన్ని తింది, ఏం మందు, రెట్ట ఎలా ఉంది. పేర్లు పెట్టొద్దు, నంబర్లు పెట్టండి. ముద్దు చేయొద్దు, మాట్లాడొద్దు, ఫోటోల కోసం బయటికి తీయొద్దు. మన ప్రేమంతా తినిపించడంలోనూ దగ్గరికి తీసుకోవడంలోనూ ఉంటుంది, ఈ పనిలో ఆ రెండూ మానుకోవాలి. నాకైతే పురుగుల గుజ్జు కంటే ఇదే కష్టమైంది.

మెష్ పంజరానికి జిప్పు ఉంటుంది, పూర్తిగా మూసి క్లిప్పు పెట్టండి. వేలు పట్టనంత సందులోంచి కూడా దూరిపోతాయి. నాది ఒకటి తప్పించుకుంటే రెండు రోజులు ఇల్లంతా తిరగేశాం, చివరికి పూజ గదిలో వెంకటేశ్వరస్వామి పటం వెనక వేలాడుతూ దొరికింది. మా ఆయన దండం పెట్టుకుని వెళ్లిపోయారు. మీ ఇంట్లో పిల్లి ఉంది కాబట్టి ఈ సరదా మీకు లేదు, పిల్లి ఏనాడూ అడుగుపెట్టని, తలుపు గట్టిగా పడే గది ఒకటి ఉంటేనే కేరర్ పనికి ఒప్పుకోండి. లేకపోతే డ్రైవరుగానే ఉండిపోండి, అందులో తక్కువేం లేదు.

పిల్లల కాలం వేరే. జూన్, జూలైల్లో పుడతాయి, ఒంటి మీద బొచ్చు కూడా సరిగా లేనివి గోడ కింద పడి దొరుకుతాయి. వెంటనే ఇంటికి తెచ్చి పెంచేయాలనిపిస్తుంది, కానీ తల్లి దగ్గరికి చేర్చడమే మొదటి ప్రయత్నం. దెబ్బలేమీ లేకపోతే, చీకటి పడే వేళకి, అవి ఉండే చూరు కింద, సాక్సు తొడిగిన సీసా ఒకటి గిన్నెలో నిలబెట్టి దాని మీద పిల్లని పట్టుకోనిస్తాం. అరుపు విని తల్లి దిగొచ్చి ఎత్తుకుపోతుంది, ప్రతిసారీ కాదు, కానీ వచ్చినప్పుడు చూడాలి. దూరంగా నిలబడి కాపలా కాయాలి, మళ్లీ పిల్లులు. రాకపోతే మాత్రం కుక్కపిల్లల పాలపొడి కలిపి రెండు మూడు గంటలకోసారి రాత్రీ పగలూ పట్టాలి. ఉద్యోగమున్నవాళ్లకి ఇది కుదరదు. నేను ఒక్క వేసవి చేసి ఆఫీసు మీటింగ్‌లో నిద్రపోయాను, ఇప్పుడు పిల్లలొస్తే తీరికున్న రిటైర్డ్ ఆవిడ ఒకరికి పంపేస్తాను.

ఇక మీరు అడగనిది. అన్నీ బతకవు. పై చెయ్యి ఎముక విరిగినవి, ఎముక బయటికి పొడుచుకొచ్చినవి మళ్లీ ఎగరలేవు, వెట్ చేత నిద్రపుచ్చాల్సి వస్తుంది. మీరే పెట్టె పట్టుకుని వెళ్లాలి. మొదటిసారి నేను వెట్‌ని బతిమాలి ఒకదాన్ని ఇంటికి తెచ్చుకున్నాను, పదకొండు రోజులు బతికింది, ఆ పదకొండు రోజులూ దాని కోసం కాదు, నా కోసం బతికించానని తర్వాత అర్థమైంది. అలాంటి రోజు ఇంటికొచ్చి వంట చేయగలను అనుకుంటేనే ముందుకెళ్లండి.

అమ్మగారి సంగతి. వాదించకండి. మా అమ్మ కూడా అలాగే అంది. పాత గుళ్లలో గబ్బిలాల కంపు, పాడుబడ్డ ఇళ్లు, దానికి తోడు కరోనా రోజుల్లో వచ్చిన పుకార్లు, ఇన్ని కలిసి ఉన్నాయి ఆ భయంలో. గబ్బిలం చేరిన ఇల్లు పాడుబడుతుందని కాదు, పాడుబడ్డ ఇంట్లో దానికి చోటు దొరుకుతుంది కాబట్టి అక్కడ చేరుతుంది, అంతే. అమ్మని ఒక సాయంత్రం తోటలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఇవి దోమల్ని తింటాయమ్మా అని చెప్పండి. దోమలంటే మనవాళ్లకి గబ్బిలం మీద కంటే ఎక్కువ కోపం.

ఇండియాలో ఉండి ఇది చదువుతున్నవాళ్లకి ఒక మాట. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంతే చిన్న గబ్బిలాలున్నాయి, రాత్రిపూట ట్యూబ్‌లైటు చుట్టూ పురుగుల కోసం ఇంట్లోకి దూరేవి చాలావరకు అవే. ఫ్యాన్ ఆపేయండి, అన్నిటికంటే ముందు అది, లైటు తీసేసి కిటికీలు తెరిచి గదిలోంచి బయటికొచ్చేయండి, తనంతట తనే పోతుంది. చీపురుతో కొట్టొద్దు. దెబ్బ తగిలితే గుడ్డ వేసి పెట్టెలోకి మళ్లించి అటవీశాఖకి ఫోన్ చేయండి, ఇంట్లో పెట్టుకోవద్దు. ఒకప్పుడు మన 1972 వన్యప్రాణి చట్టం పండ్లు తినే పెద్ద గబ్బిలాల్ని ఎలుకలతోపాటు హానికర జంతువుల జాబితాలో పెట్టింది, 2022 సవరణతో ఆ జాబితానే తీసేశారు. నేను పైన రాసిన టీకా ఏర్పాటు, ఫోన్ చేస్తే కేరర్ నంబరిచ్చే పద్ధతి, ఇవన్నీ బ్రిటన్‌వి, ఇది చదివి ఎవరూ ఇంట్లో చికిత్స మొదలెట్టకండి.

మళ్లీ మీ దగ్గరికి. మీ గబ్బిలం కోలుకుంటోంది అన్నారు కదా. దొరికిన చోటే వదలడం పద్ధతి, ఎందుకంటే దాని గూడు, తోటివి, వేట దారులు అన్నీ అక్కడే తెలుసు. కాబట్టి అంతా సవ్యంగా జరిగితే, ముందు పెద్ద వలగదిలో ఆగకుండా తిప్పి తిప్పి ఎగరనిచ్చి, బరువు సరిపోయాక, వానా గాలీ లేని వెచ్చటి సాయంత్రం చూసుకుని ఆవిడ మీ ఇంటికే వస్తారు. ఇప్పుడే ఫోన్ చేసి, వదిలేటప్పుడు నేనూ ఉండొచ్చా అని అడగండి, సంతోషంగా ఒప్పుకుంటారు. ఆవిడ చెయ్యి పైకెత్తి పట్టుకుంటే అది వెంటనే ఎగరదు, ఒళ్లంతా వణుకుతుంది. భయంతో కాదు, ఎగిరే ముందు ఒళ్లు వేడెక్కించుకుంటుంది. ఐదు నిమిషాలు పట్టొచ్చు, పదీ పట్టొచ్చు, వీడియో తీయాలని ఫోన్ లైటు వేయకండి. అమ్మగారిని కూడా పిలవండి, శాలువా కప్పి. పిల్లిని మాత్రం సూర్యాస్తమయానికి అరగంట ముందే లోపలికి తెచ్చి తెల్లారేదాకా తలుపు వేసి ఉంచండి, ఆ ఒక్క రాత్రే కాదు, ఆగస్టు చివరిదాకా.